పంచదార తగ్గించిన పాల పదార్థం ఎందుకు నిలవడం లేదు, ఎలా నిలబెట్టాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ లాంటిదాన్ని తక్కువ క్యాలరీలతో చేయాలనుకున్నారు. మామూలుగా వంద గ్రాములకు 44 గ్రాములుండే పంచదారను 22కు దించి, తగ్గిన తీపికి సుక్రలోజ్ అనే క్యాలరీలు లేని స్వీటెనర్ వేశారు. తగ్గిన బరువు చోట మరికొన్ని చిక్కబెట్టిన పాలు పోశారు. పాడవకుండా ఉండటానికి పొటాషియం సార్బేట్ 0.1 శాతం కలిపి, వేడిగా ఉండగానే గాజు సీసాల్లో నింపి బయటే ఉంచారు. రుచి అందరికీ నచ్చింది. పదకొండో రోజుకు మూతలు ఉబ్బాయి. సార్బేట్ ఎంతకు పెంచితే ఆరు నెలలు నిలుస్తుందని మీ ప్రశ్న.

ముందు ఆ సీసాల సంగతి చూడండి. ఉబ్బినవి, ఉబ్బనివి, అన్నీ పారేయండి. మూత తీసి వాసన చూడొద్దు, వేలికి రాసుకుని నాకొద్దు. ఉబ్బించింది మామూలు ఈస్ట్ అయితే పోయేది సరుకే. కానీ మీరు చెప్పిన కొలతల్లో క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియాకు కావలసినవన్నీ ఉన్నాయి. పాలు పుల్లగా లేవు, సీసాలో గాలి లేదు, గది వెచ్చగా ఉంది, నీరు సరిపడా ఉంది. దాని స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపాలు, మరిగే పాల వేడికి చావవు. అది వదిలే విషానికి రుచి, వాసన ఉండవు. ఉబ్బని సీసాలో కూడా ఉండొచ్చు. అందుకే దీని గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక సార్బేట్. దాన్ని రెట్టింపు చేసినా, నాలుగింతలు చేసినా ఇక్కడ పని జరగదు. సార్బేట్ పాలలో కలిశాక ఏర్పడే సార్బిక్ ఆమ్లం విడిపోకుండా నిండుగా ఉన్న రూపంలోనే సూక్ష్మజీవి లోపలికి దూరగలదు. పీహెచ్ అంటే పులుపును చూపే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.76 దగ్గర సార్బిక్ ఆమ్లం సగం నిండుగా, సగం విడిపోయి ఉంటుంది. పుల్లటి పెరుగులో, అంటే పీహెచ్ 4.4 దగ్గర, దాదాపు 70 శాతం పనిచేసే రూపంలోనే ఉంటుంది. మీ పాల పీహెచ్ 6.6 అనుకుంటే అక్కడ మిగిలేది ఒకటిన్నర శాతం కంటే తక్కువే. మీరు వేసిన కిలోకు ఒక గ్రాములో నిజంగా కాపలా కాసింది 15 మిల్లీగ్రాములు కూడా కాదు. పైగా సార్బేట్ ప్రధానంగా బూజుకూ ఈస్ట్‌కూ మందు. స్పోర్లు మోసే బ్యాక్టీరియాను ఈ పీహెచ్‌లో దానికి అప్పగించి నిద్రపోలేం.

అసలు కండెన్స్‌డ్ మిల్క్ ఎందుకు నిలుస్తుందో ఒకసారి చూద్దాం. గెయిల్ బోర్డెన్ 1856లో పాలను వ్యాక్యూమ్‌లో చిక్కబెట్టే పద్ధతికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. ఫ్రిజ్ లేని ఆ కాలంలో అంతర్యుద్ధపు సైనికుల దాకా ఆ పాల డబ్బాలు పాడవకుండా చేరాయంటే కారణం పంచదార. డబ్బాలో నింపాక ఆ పాలను స్టెరిలైజ్ చేయరు. అందులో కొన్ని సూక్ష్మజీవులు బతికే ఉంటాయి. కానీ పెరగలేవు. అక్కడ పంచదార తీపి కోసం ఎంత ఉందో కాపలా కోసం కూడా అంతే ఉంది. తీపి సంగతి సుక్రలోజ్ చూసుకుంది. కాపలా ఎవరు చూసుకోవాలో మీరు నిర్ణయించలేదు. మొత్తం చిక్కు అక్కడే ఉంది.

నేను పాల ఉత్పత్తుల తయారీలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. తక్కువ క్యాలరీల తియ్యటి పాల పదార్థం గురించి ఎవరు అడిగినా మొదట ఒకే ప్రశ్న వేస్తాను: దీన్ని ఏది నిలబెట్టాలి? కరిగిన పదార్థమా, వేడా, పులుపా, చలా, ఎండబెట్టడమా? దీనికి జవాబు వచ్చాకే ఏ స్వీటెనర్ అన్న ప్రశ్న. చాలామంది స్వీటెనర్‌తో మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. మీకూ అదే అయింది.

కరిగిన పదార్థంతో నిలబెట్టడం అంటే వాటర్ యాక్టివిటీని దించడం. పదార్థంలో నీరు ఎంత ఉందన్నది కాదు, ఆ నీటిలో సూక్ష్మజీవికి అందేది ఎంత అన్నది దీని లెక్క. స్వచ్ఛమైన నీటికి 1. మామూలు పాలకు 0.99 పైనే. బొట్యులినమ్ 0.94 దగ్గర ఆగిపోతుంది. చాలా బ్యాక్టీరియాలు 0.91 కింద పెరగవు. స్టెఫైలోకాకస్ ఆరియస్ మొండిది, గాలి ఉంటే 0.86 దాకా పెరుగుతుంది. మామూలు బూజులు 0.80 వరకు వస్తాయి, పొడి చోట బతికే కొన్ని బూజులు, తీపిని తట్టుకునే ఈస్ట్‌లు ఇంకా కిందికి దిగుతాయి. కండెన్స్‌డ్ మిల్క్ 0.83, 0.85 మధ్య కూర్చుంటుంది. అంటే బ్యాక్టీరియాకు తలుపు మూసి, బూజుకూ మొండి ఈస్ట్‌కూ సందు మిగిల్చిన స్థితి. అమెరికా నిబంధనల్లో 0.85 దాటిన, పులుపు లేని సీలు డబ్బాల ఆహారానికి ప్రత్యేకమైన వేడి ప్రక్రియ తప్పనిసరి చేశారు. ఆ గీత అక్కడ గీయడానికి కారణం ఈ లెక్కే.

ఫ్యాక్టరీలో దీన్ని కొలవడానికి పాత పద్ధతి ఒకటుంది. పంచదారను, పంచదార ప్లస్ నీరు మొత్తంతో భాగించి చూస్తారు. అది 62.5 నుంచి 64.5 శాతం మధ్య ఉండాలి. తక్కువైతే పాడవుతుంది, ఎక్కువైతే పంచదార గడ్డకడుతుంది. కొవ్వు 8, మిగతా పాల ఘనపదార్థాలు 22, పంచదార 44, నీరు 26 ఉన్న పాలకు ఇది 62.9 వస్తుంది. మీ మిశ్రమంలో పంచదార 22, నీరు సగానికి దగ్గరగా ఉండి ఉంటుంది కాబట్టి 31, 32 దగ్గర వస్తుంది. అంటే వాటర్ యాక్టివిటీ 0.95 పైనే. పదకొండు రోజులు ఆగిందంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది.

ఇప్పుడు ఉపాయం ఎక్కడుందో చెబుతాను. వాటర్ యాక్టివిటీని దించేది పదార్థం బరువు కాదు, నీటిలో కరిగిన అణువుల సంఖ్య. పంచదార అణువు బరువు 342. తక్కువ క్యాలరీల తీపి పదార్థాల్లో సార్బిటాల్‌ది 182. ఎరిత్రిటాల్‌ది 122. అంటే ఒక గ్రాము ఎరిత్రిటాల్‌లో, ఒక గ్రాము పంచదారలో కంటే 2.8 రెట్లు అణువులు ఉంటాయి. ఇది చదవగానే ఎవరికైనా ఒకే ఆలోచన వస్తుంది: ఎరిత్రిటాల్‌కు క్యాలరీలు దాదాపు సున్నా, అణువులు ఎక్కువ, ఇంకేం కావాలి?

నాకూ అదే ఆలోచన వచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న యూనిట్‌లో పంచదార మొత్తం తీసేసి ఎరిత్రిటాల్‌తో బ్యాచ్ చేశాం. వేడిగా ఉన్నప్పుడు అద్భుతంగా ఉంది, నునుపుగా మెరుస్తోంది. మర్నాటి ఉదయానికి సీసా అడుగున రెండు వేళ్ల మందాన ఇసుక. చెంచాతో కలిపితే పళ్ల కింద కరకర, నోట్లో పుదీనా తిన్నట్టు చల్లదనం. ఎరిత్రిటాల్ 25 డిగ్రీల దగ్గర వంద గ్రాముల ద్రావణంలో 37 గ్రాములే కరుగుతుంది. పంచదార 67 గ్రాములు కరుగుతుంది. అందుకే ఎరిత్రిటాల్ ఒక్కదాన్ని పట్టినంత కరిగించినా వాటర్ యాక్టివిటీ 0.90 కిందికి దిగదు. అణువులు ఎక్కువే, కానీ అవి నీటిలో ఉంటేనే కదా. గడ్డకట్టి అడుగుకు చేరినవి కాపలాకు పనికిరావు. ఆ బ్యాచ్ మొత్తం పారబోశాం. అప్పటి నుంచి ఏ తీపి పదార్థాన్ని చూసినా నేను మొదట అడిగేది క్యాలరీ కాదు, చల్లారాక ఎంత కరిగి ఉంటుంది అని.

సార్బిటాల్ అలా కాదు, బాగా కరుగుతుంది, 70 శాతం ద్రావణంగానే అమ్ముతారు. దాన్నే పెట్టుకుని ఒక లెక్క చూపిస్తాను. పంచదార 22, సార్బిటాల్ 12, పాలీడెక్స్‌ట్రోజ్ 16, కొవ్వు 2, మిగతా పాల ఘనపదార్థాలు 22, నీరు 26. మొత్తం వంద. సార్బిటాల్ 12 అంటే పొడి లెక్కన. ద్రావణం వాడితే దాంతో వచ్చే నీటిని 26లో కలిపి చూసుకోండి. పాత 44 గ్రాముల పంచదారలో ఎన్ని అణువులున్నాయో, 22 గ్రాముల పంచదార, 12 గ్రాముల సార్బిటాల్ కలిపితే దాదాపు అన్నే వస్తాయి. పాలీడెక్స్‌ట్రోజ్ పీచు లాంటి పదార్థం, దాని అణువులు పెద్దవి, కాపలాకు పెద్దగా సాయపడవు. అవి బరువు నింపి చిక్కదనం ఇస్తాయి. గ్రాముకు ఒక క్యాలరీ మాత్రమే.

క్యాలరీలు చూడండి. పాత మిశ్రమంలో కొవ్వు నుంచి 72, పాల ప్రోటీన్, లాక్టోజ్ అనే పాల చక్కెర కలిపి 80, పంచదార నుంచి 176, మొత్తం 328. కొత్తదాంట్లో కొవ్వు 18, పాలు 80, పంచదార 88, సార్బిటాల్ గ్రాముకు 2.4 చొప్పున 29, పాలీడెక్స్‌ట్రోజ్ 16, మొత్తం 231. తగ్గింది 30 శాతం. తీపి కొంత తగ్గుతుంది, ఎందుకంటే సార్బిటాల్ తీపి పంచదారలో అరవై శాతమే. ఆ లోటు 15 గ్రాముల పంచదారంత. దానికి వంద గ్రాములకు 25 నుంచి 35 మిల్లీగ్రాముల సుక్రలోజ్ చాలు.

ఈ లెక్క కాగితం మీది. దీన్ని నమ్మి సీసాలు నింపకండి. వాటర్ యాక్టివిటీ మీటర్‌తో కొలిచి 0.84 కానీ ఇంకా కింద కానీ వచ్చాకే ముందుకెళ్లండి. రిఫ్రాక్టోమీటర్ చూపించే బ్రిక్స్, అంటే కరిగిన పదార్థాల శాతం, దీనికి బదులు కాదు. పాలీడెక్స్‌ట్రోజ్ కూడా బ్రిక్స్ పెంచుతుంది, కానీ కాపలా పెంచదు. ఈ తేడా తెలియక మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఈ దారిలో ముప్ఫై శాతానికి మించి ఆశపడొద్దు. కరిగిన పదార్థంతో నిలబెట్టాలంటే కరిగిన పదార్థం ఉండాల్సిందే, దానికి ఎంతో కొంత క్యాలరీ ఉంటుంది. అల్యులోజ్ ఒక్కటే ఇందులో కొంచెం వేరు. అది బాగా కరుగుతుంది, అణువు బరువు 180, తీపి పంచదారలో 70 శాతం. అమెరికా ఎఫ్‌డీఏ 2019లో దానికి గ్రాముకు 0.4 క్యాలరీలు లెక్కకట్టొచ్చని చెప్పింది. కానీ దాన్ని వాడే అనుమతి అన్ని దేశాల్లోనూ లేదు. పైగా అది పాల ప్రోటీన్‌తో చేరితే రంగు మారే రకం చక్కెర. వేడి చేసేటప్పుడే కాదు, నిల్వలో కూడా నెల నెలకు గోధుమరంగు పెరుగుతూ పోతుంది. కారమెల్ రుచి పదార్థానికి అది వరమే, తెల్లగా ఉండాల్సిన దానికి శాపం. సార్బిటాల్, మాల్టిటాల్, ఎరిత్రిటాల్‌కు ఈ గొడవ లేదు.

తయారీలో రెండు చోట్ల మాత్రం ఆగి చూడాలి. మొదటిది లాక్టోజ్. చిక్కబెట్టిన పాలలో లాక్టోజ్ అంతా కరిగి ఉండలేదు, ఎప్పుడో ఒకప్పుడు గడ్డకడుతుంది. దాన్ని ఆపలేం, సన్నగా గడ్డకట్టేలా మాత్రం చేయగలం. 30 డిగ్రీల దగ్గరికి త్వరగా చల్లార్చి, మెత్తగా నూరిన లాక్టోజ్ పొడి 0.05 శాతం లోపు చల్లి, గంట సేపు ఆపకుండా కలపండి. స్ఫటికాలు 10 మైక్రాన్లలోపు ఉంటే నాలుకకు తెలియవు. 30 మైక్రాన్లు దాటితే ఇసుకే.

రెండోది నింపడం, ఇది మీ పొరపాటు కూడా. వేడిగా నింపి మూత పెడితే ఆవిరి మూత కింద నీటి బొట్లుగా మారి పైపొర మీద పడుతుంది. లోపలంతా 0.84 ఉన్నా ఆ పలచటి పైపొరలో మాత్రం అది బాగా పెరిగిపోతుంది. బూజుకు అది చాలు. తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్‌ను చల్లార్చాకే నింపుతారు, అంచుదాకా నింపుతారు. పైన గాలి మిగిలితే బూజు గుండీల్లా గుండ్రంగా కడుతుంది, ఫ్యాక్టరీ భాషలో వాటిని బటన్స్ అనే అంటారు. చల్లగా నింపుతున్నారు కాబట్టి సీసాలు, మూతలు, గాలి, చేతులు ఎంత శుభ్రంగా ఉండాలో వేరే చెప్పక్కర్లేదు. జామ్‌కు వేడి నింపుడు బాగుంటుంది, దీనికి కాదు.

ఇప్పుడు రెండో దారి, వేడి. మీరు నిజంగా క్యాలరీలు బాగా తగ్గించాలనుకుంటే నా ఓటు దీనికే. కాపలా పూర్తిగా వేడికి అప్పగిస్తే పంచదార ఒక్క గ్రాము కూడా అవసరం లేదు. కొవ్వు 2, మిగతా పాల ఘనపదార్థాలు 18, పాలీడెక్స్‌ట్రోజ్ 8, మిగతాది నీరు, తీపికి సుక్రలోజ్. వంద గ్రాములకు 90 క్యాలరీల దగ్గర తేలుతుంది. 328తో పోలిస్తే మూడో వంతు కూడా లేదు.

కానీ ఇందులో వేడి అంటే స్టెరిలైజేషన్. సీలు చేసిన డబ్బాను 115 నుంచి 120 డిగ్రీల దగ్గర పదిహేను, ఇరవై నిమిషాలు రిటార్ట్‌లో, అంటే ఒత్తిడితో వేడి పట్టే పెద్ద పాత్రలో, ఉంచడం, లేదా 140 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లు యూహెచ్‌టీ చేసి, స్టెరైల్ ప్యాక్‌లో స్టెరైల్‌గా నింపడం. కచ్చితమైన సమయం డబ్బా సైజు, చిక్కదనం బట్టి మారుతుంది. డబ్బా మధ్యలోకి వేడి ఎంత చేరుతోందో థర్మోకపుల్‌తో కొలిచి, ఆ లెక్క తెలిసిన నిపుణుడు సంతకం పెట్టాకే సరుకు బయటికి పంపాలి. ఇంట్లో ప్రెజర్ కుక్కర్‌లో పాల సీసాలు ఉడకబెట్టి అల్మారాలో పెట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. దయచేసి ఎవరూ ఆ ప్రయత్నం చేయొద్దు.

చిక్కటి పాలు ఆ వేడికి విరిగిపోతాయేమో అన్న భయం న్యాయమైనదే. దానికి పాత మందు ఉంది. చిక్కబెట్టక ముందే పాలను 95 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచితే వే ప్రోటీన్లు ముందే మారిపోయి, తర్వాతి వేడిని పాలు తట్టుకుంటాయి. డైసోడియం ఫాస్ఫేట్ లాంటి లవణం కొద్దిగా కలిపితే ఇంకాస్త నిలకడ. ఎంత కలపాలో ప్రతి సీజన్‌లో చిన్న ట్యూబుల్లో పరీక్షించి తేల్చుకోవాలి, ఎందుకంటే పాలు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు. పీహెచ్‌లో 0.1 తేడాకే విరిగే సమయం చాలా మారిపోతుంది. అడుగున పేరుకోకుండా క్యారజీనన్ అనే సముద్రపు నాచు జిగురు 0.02 శాతం దగ్గర సరిపోతుంది. అది పాలలోని ప్రధాన ప్రోటీన్ కేసిన్‌తో పట్టుకుని సన్నటి వల కడుతుంది. క్యారజీనన్ లేకుండా గార్ గమ్ ఒక్కటే వేస్తే పాలు రెండు పొరలుగా విడిపోవచ్చు.

ఈ దారిలో ఎక్కువమంది దెబ్బతినేది నాలుగో నెలలో. డబ్బా ఉబ్బదు, పరీక్షలో ఒక్క సూక్ష్మజీవి కనబడదు, అయినా పాలు చేదెక్కుతాయి, జెల్లీలా గట్టిపడతాయి. కారణం పచ్చిపాల దగ్గరే ఉంటుంది. ఫ్రిజ్ చలిలో కూడా పెరిగే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా పచ్చిపాలలో ఎక్కువ సేపు ఉంటే ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌లు వదులుతుంది. బ్యాక్టీరియా వేడికి చస్తుంది, ఎంజైమ్ యూహెచ్‌టీని కూడా తట్టుకుంటుంది. నెలల తరబడి నెమ్మదిగా కేసిన్‌ను కోస్తూనే ఉంటుంది. అందుకే పాలు పితికిన 48 గంటల్లోపు వేడి ప్రక్రియ పూర్తి చేయాలని నేను పట్టుబడతాను. ఫార్ములా ఎంత మంచిదైనా ముసలి పాలను కాపాడలేదు.

ఇంకో సంగతి ముందే తెలుసుకోండి. ఈ సీసా తెరవనంత వరకే ఆరు నెలలు. తెరిచాక అది మామూలు పాలతో సమానం, ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు రోజులు. కండెన్స్‌డ్ మిల్క్ వాడిన అలవాటుతో కొనేవాళ్లు దీన్ని కూడా తెరిచి వారాల తరబడి పెడతారు. అక్కడే ప్రమాదం. అందుకని ఒకసారి వాడితే అయిపోయే చిన్న ప్యాక్‌లు చేయండి. "తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజుల్లో వాడండి" అన్నది పెద్ద అక్షరాల్లో వేయండి.

పులుపు దారి తీపి పెరుగుకు, పెరుగు పానీయాలకు. పీహెచ్ 4.6 దిగిందంటే బొట్యులినమ్ భయం పోతుంది, పైన చెప్పినట్టు సార్బేట్ కూడా అప్పుడే పనిలోకి వస్తుంది. ఇక్కడ పంచదార తగ్గించడం వల్ల ఒక లాభం కూడా ఉంది. పాలలో పంచదార పది శాతం దగ్గరికి వస్తే తోడు బ్యాక్టీరియా మందగిస్తుంది, స్వీటెనర్‌తో ఆ ఇబ్బంది లేదు, పెరుగు త్వరగా తోడుకుంటుంది. నష్టం ఏమిటంటే ఘనపదార్థం తగ్గి పైన నీరు తేలుతుంది. పాలపొడి లేదా మిల్క్ ప్రోటీన్ ఒకటి, ఒకటిన్నర శాతం పెంచి, 90 డిగ్రీల దగ్గర ఐదు నుంచి పది నిమిషాలు ఉంచితే గట్టిగా కూర్చుంటుంది. ఫ్రిజ్‌లో మూడు, నాలుగు వారాలు నిలుస్తుంది. పాడుచేసేది ఎక్కువగా పండ్ల గుజ్జుతో వచ్చే ఈస్టే, అందుకే ఆ గుజ్జును విడిగా వేడిచేసి కలపండి. ఫ్రిజ్ లేకుండా నెలలు నిలవాలంటే తోడుకున్నాక పెక్టిన్ వేసి మళ్లీ వేడి చేయాలి. అప్పుడు మేలు చేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ఆ విషయం లేబుల్ మీద దాచకూడదు.

స్వీటెనర్ ఎంపిక కూడా ఈ దారుల్ని బట్టే. సుక్రలోజ్, ఎసిసల్ఫేమ్ పొటాషియం రెండూ రిటార్ట్ వేడికీ, యూహెచ్‌టీకీ నిలుస్తాయి. అస్పర్టేమ్ పీహెచ్ 4.3 దగ్గర బాగా స్థిరంగా ఉంటుంది, కాబట్టి పెరుగుకు మంచిదే. మామూలు పాల పీహెచ్‌లో వేడి చేస్తే తీపి కరిగిపోతుంది, నిల్వలో మిగిలింది కూడా పోతుంది. దాన్ని వాడితే ఫినైల్‌అలనిన్ హెచ్చరిక తప్పనిసరి, ఫినైల్‌కీటోన్యూరియా, అంటే ఫినైల్‌అలనిన్‌ను శరీరం వాడుకోలేని పుట్టుజబ్బు, ఉన్నవాళ్లకు అది చాలా తీవ్రమైన విషయం. స్టీవియా వేడికి తట్టుకుంటుంది కానీ ఒక్కదాన్నే పూర్తి తీపికి వాడితే చివర్లో చేదు వస్తుంది. సగం తీపి స్టీవియా, సగం ఎరిత్రిటాల్ లేదా కొద్ది పంచదార అయితే పాల కమ్మదనంలో ఆ చేదు కలిసిపోతుంది. రెండు, మూడు స్వీటెనర్లు కొద్దికొద్దిగా కలపడం ఎప్పుడూ ఒక్కదాన్ని నిండుగా వేయడం కంటే బాగుంటుంది. తూకంలో జాగ్రత్త. సుక్రలోజ్ పంచదార కంటే 600 రెట్లు తీపి, వంటింటి త్రాసు దానికి పనికిరాదు. ఒక శాతం ద్రావణం చేసి కొలిచి పోయండి.

స్వీటెనర్ కంటే ముందు ప్రయత్నించదగ్గది లాక్టేజ్ ఎంజైమ్. ఎందుకో దీన్ని చాలామంది పట్టించుకోరు. పాలలోని లాక్టోజ్ తీపి పంచదారలో ఐదో వంతు కూడా ఉండదు. దాన్ని ఎంజైమ్‌తో గ్లూకోజ్, గెలాక్టోజ్‌గా విడగొడితే ఒక్క క్యాలరీ కలపకుండానే పాలు తియ్యబడతాయి. కలపాల్సిన పంచదార తగ్గుతుంది. లాక్టోజ్ ఇసుక బెడద పోతుంది. అణువులు రెట్టింపు అవుతాయి కాబట్టి వాటర్ యాక్టివిటీ కూడా కొంచెం దిగుతుంది. బదులుగా రంగు త్వరగా మారుతుంది, అందుకే వేడి తక్కువ సేపు, నిల్వ చల్లని చోట. మధుమేహం ఉన్నవాళ్ల కోసం చేస్తున్నట్టయితే మాత్రం గుర్తుంచుకోండి, చక్కెర మొత్తం తగ్గలేదు, రూపం మాత్రమే మారింది.

ఐస్‌క్రీం గురించి రెండు మాటలు. మైనస్ 18 దగ్గర ఏదీ పెరగదు కాబట్టి కాపలా చలిదే, పంచదార అక్కడ మెత్తదనం కోసం ఉంటుంది. పంచదార తీసేసి సుక్రలోజ్ ఒక్కటే వేస్తే రాయిలా గడ్డకడుతుంది. ఎరిత్రిటాల్, అల్యులోజ్ లాంటి చిన్న అణువులు గడ్డకట్టే స్థాయిని బాగా దించుతాయి, అతిగా వేస్తే గిన్నెలో నిలవకుండా కారుతుంది. పొడుల సంగతి ఇంకా తేలిక. తేమ నాలుగు శాతం లోపు, తేమ దూరని ప్యాకింగ్ ఉంటే ఏ స్వీటెనర్ అయినా నిలుస్తుంది. అయితే బరువు నింపడానికి మాల్టోడెక్స్‌ట్రిన్ వాడి తక్కువ క్యాలరీ అని చెప్పుకోకండి, దానికి పంచదారతో సమానంగా గ్రాముకు 4 క్యాలరీలు ఉంటాయి.

లేబుల్ గురించి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలో తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ అంటే కనీసం 8 శాతం పాల కొవ్వు, 28 శాతం పాల ఘనపదార్థాలు. కొవ్వు తీసినవాటికి వేరే పేర్లున్నాయి. స్వీటెనర్ వేసినదాన్ని అదే పేరుతో అమ్మకూడదు, మీ దగ్గరి నిబంధన చూసి వేరే పేరు పెట్టండి. కోడెక్స్ మార్గదర్శకాల ప్రకారం "తగ్గించిన క్యాలరీ" అనాలంటే పోల్చిన పదార్థం కంటే కనీసం 25 శాతం తక్కువ ఉండాలి. "తక్కువ క్యాలరీ" అనాలంటే ఘనాహారంలో వంద గ్రాములకు 40 దాటకూడదు. నేను చెప్పిన రెండు ఫార్ములాలూ మొదటి మాటకే అర్హమైనవి, రెండోదానికి కావు. సార్బిటాల్ పది శాతం దాటింది కాబట్టి ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చని కూడా రాయాలి. అది రాయడానికి కొందరు సిగ్గుపడతారు. ఒక పిల్లాడు సగం సీసా తాగి రాత్రంతా కడుపు పట్టుకుని ఏడిస్తే ఆ తల్లిదండ్రులకు పడే టెన్షన్ ముందు మన సిగ్గు ఎంత?

ఆరోగ్యం విషయంలో కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో ఇచ్చిన మార్గదర్శకంలో, బరువు తగ్గడానికి సుక్రలోజ్, స్టీవియా లాంటి స్వీటెనర్ల మీద ఆధారపడొద్దని సూచించింది. రోజువారీ పరిమితులు వేరే సంగతి. ఆ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కలిసి నడిపే నిపుణుల కమిటీ సుక్రలోజ్‌కు రోజుకు శరీర బరువు కిలోకు 15 మిల్లీగ్రాములు పెట్టింది, అమెరికా 5 పెట్టింది. పెద్దవాళ్లు మామూలుగా తినే కొద్ది మొత్తంలో మన మొదటి ఫార్ములా ఆ రెండింటికీ కిందే ఉంటుంది. కాబట్టి దీన్ని క్యాలరీలు తగ్గిన తియ్యటి పాల పదార్థంగా అమ్మండి, బరువు తగ్గించే మందుగా కాదు.

చివరగా పరీక్ష. ఏ దారి ఎంచుకున్నా ముందు ముప్ఫై సీసాలే చేయండి. పది 37 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి, పది గది వేడిలో ఆరు నెలలు, ఐదు ఫ్రిజ్‌లో పోల్చడానికి. రెండు వారాలకోసారి పీహెచ్, చిక్కదనం, రంగు రాసుకోండి. ఈస్ట్, బూజు, బ్యాక్టీరియా లెక్కలు ల్యాబ్‌లో చేయించండి. మిగిలిన ఐదింటినీ మొదటి రోజే తెరిచి, లేబుల్ మీద మీరు రాయబోయే చోటే, అంటే ఫ్రిజ్‌లోనో బయటో, పెట్టండి. మామూలు మనిషి వాడినట్టే రోజూ ఒక చెంచా తీసి, మూత పెట్టి, మళ్లీ మర్నాడు తీయండి. రెండు సీసాల్లో చెంచా కొంచెం తడిగా ఉండనివ్వండి, కొన్నవాళ్ల చెంచా అలాగే ఉంటుంది. ఆ సీసాల్లో మొదటి బూజు ఎన్నో రోజున కనబడిందో రాసుకోండి. లేబుల్ మీద "తెరిచాక" పక్కన వేసే అంకె దానికి సగం కంటే ఎక్కువ ఉండకూడదు. స్టెరిలైజ్ చేసిన రకానికి బూజు ఎప్పుడొచ్చినా ఆ అంకె మూడు రోజులు దాటొద్దు.